మధ్యయుగ క్రైస్తవ పూజాగ్రంథాల విడి ఆకులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐరోపా, అమెరికా మ్యూజియంలలో, పాత పుస్తకాల వేలంపాటల్లో, ఇంటర్నెట్ అమ్మకాల్లో తరచూ కనిపించే వస్తువు ఒకటుంది. అది ఒకే ఒక్క చర్మపత్రపు ఆకు. నల్లటి లాటిన్ అక్షరాలు, వాటి మధ్య ఎర్రటి పంక్తులు, ఒక మూల బంగారం పొదిగిన పెద్ద అక్షరం. చూసినవారు ముందు దాని అందం దగ్గర ఆగిపోతారు. ఆ తర్వాత ప్రశ్నలు మొదలవుతాయి. నన్ను అడిగినవీ, నేను అడిగి తెలుసుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా నేను చివరికి వెతికేది ఒకటే: ఈ ఆకు ఏ పుస్తకంలోది?

ఆకు అంటే పేజీయేనా?

ఒక ఆకుకు రెండు పుటలు, ముందు వైపు ఒకటి, వెనుక వైపు ఒకటి. తాళపత్రాల లెక్క తెలిసిన మనకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. అయితే ఒక తేడా ఉంది. తాటాకులకు చిల్లు వేసి తాడు గుచ్చుతారు కాబట్టి తాడు విప్పితే ఆకులు వాటంతట అవే విడివడతాయి. ఐరోపా గ్రంథం అలా కాదు. చర్మపు ముక్కను మధ్యకు మడిస్తే రెండు ఆకులవుతాయి. అలాంటి మడతలు, ఎక్కువగా నాలుగు, ఒకదానిలో ఒకటి పెట్టి ఎనిమిది ఆకుల కట్టగా కుడతారు. ఆ కట్టలన్నిటినీ వరుసగా కలిపి కుట్టి చెక్క అట్టల మధ్య బిగిస్తారు. అందువల్ల ఒక ఆకు విడిగా కనిపిస్తోందంటే కుట్టయినా తెగి ఉండాలి, ఎవరో కత్తితోనైనా కోసి ఉండాలి. లోపలి అంచును పరిశీలించండి. నిటారుగా, నున్నగా ఉంటే కత్తి పని.

ఇవి ఏ ఏ పుస్తకాల్లోవి?

చర్చిలో పూజ జరిపే గురువు (ఫాదర్) ముందు ఉండేది మిస్సల్. ఏడాది పొడవునా పూజలో చదవాల్సిన ప్రార్థనలూ, పఠనాలూ అందులో ఉంటాయి. పూజలో గాయకబృందం పాడే పాటల పుస్తకం గ్రాడ్యువల్. మఠాల్లో రాత్రింబగళ్లు వేళ తప్పకుండా జరిగే ప్రార్థనల్లోని పాటలకు యాంటిఫనరీ, ఆ ప్రార్థనల పాఠానికి బ్రీవియరీ. కీర్తనల గ్రంథాన్ని విడిగా రాసుకుంటే సాల్టర్. సువార్తల గ్రంథాన్ని ఊరేగింపుగా తెచ్చి బలిపీఠం మీద ఉంచేవారు.

పాటల పుస్తకాలు చాలా పెద్దవి. పీట మీద తెరిచి పెడితే చుట్టూ నిలబడిన బృందమంతా ఒకే పుస్తకం చూసి పాడాలి కాబట్టి అక్షరాలూ స్వరాలూ దూరానికి కనిపించేంత ఉండేవి. ఒక్క ఆకు ఒక మనిషి రెండు చేతులూ చాపి పట్టుకునేంత ఉండటం మామూలే.

వీటితో పాటు అమ్మకాల్లో విరివిగా కనిపించేవి 'ప్రహరల పుస్తకం' ఆకులు, అంటే బుక్ ఆఫ్ అవర్స్. అవి గృహస్థులు ఇంట్లో ప్రార్థించుకోవడానికి రాయించుకున్న చిన్న పుస్తకాలు, గుడిలో పూజ జరిపేవి కావు. చాలామంది రెండింటినీ కలిపి 'మిస్సల్' అనేస్తారు. అందులో తప్పు పట్టాల్సింది లేదు గానీ, ఆకు ఇల్లు వెతకాలంటే ఈ తేడా తెలియాలి.

నిజంగా తోలు మీదే రాశారా?

అవును. దూడ, గొర్రె, మేక చర్మాలు. రోజుల తరబడి సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, చట్రానికి లాగి కట్టి, నెలవంక ఆకారపు కత్తితో పలచగా గీకుతూ ఆరబెట్టేవారు. చెప్పుల తోలులా దీన్ని పదును చేయరు. అందుకే అది తెల్లగా, బిర్రుగా, కొంచెం గలగలమంటూ ఉంటుంది.

ఒక ఆకును చేతిలోకి తీసుకుని కిటికీ వైపు పెట్టి చూస్తే ఇంకా చాలా తెలుస్తుంది. ఒక వైపు కాస్త పసుపుపచ్చగా, వెంట్రుకల కుదుళ్లు సన్నటి చుక్కలుగా కనిపిస్తాయి. రెండో వైపు తెల్లగా, మెత్తగా ఉంటుంది. నేను చూసిన ఒక ఆకులో పంక్తి మధ్యన కందిగింజంత చిల్లు ఉంది. బతికున్నప్పుడు ఆ జంతువుకు ఏదో పురుగు కుట్టి ఉంటుంది, చర్మం లాగినప్పుడు అది గుండ్రంగా విచ్చుకుంది. లేఖకుడు ఒక మాటను సగం రాసి, చిల్లు దాటి, రెండో వైపున మిగతా సగం రాశాడు. ఆ ఆకులో బంగారం లేదు, బొమ్మ లేదు. ఆ ఒక్క మాట కోసం నేను చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను.

అంచుల్లో వరుసగా సూది పొడిచినంత గుంటలు కూడా ఉంటాయి. గీతలు సమానంగా గీయడానికి కొలత కోసం పొడిచినవి అవి. తర్వాతి కాలంలో పుస్తకాన్ని మళ్లీ బైండింగ్ చేసినప్పుడు అంచులు కోసేస్తే ఆ గుంటలు పోతాయి. అవి మిగిలి ఉన్నాయంటే ఆకు వెడల్పు దాదాపు మొదట ఉన్నట్టే ఉందని అర్థం.

ఆ సిరా ఇన్ని వందల ఏళ్లు ఎలా నిలిచింది?

సిరాలోని సరుకులన్నీ మన పచారీ, మూలికల దుకాణాల్లో దొరికేవే. ఓక్ చెట్టు మీద ఒక రకం చిన్న కందిరీగ గుడ్లు పెడితే పుట్టే గుండ్రటి బుడిపెలు మాచికాయలు. వాటి కషాయంలో అన్నభేది కలిపితే నల్లబడుతుంది. చిక్కదనానికి తుమ్మబంక. రాసినప్పుడు పలచగా ఉండి, గాలి తగిలేకొద్దీ నలుపెక్కి చర్మంలోకి ఇంకిపోతుంది. పాళ్లు కుదరకపోతే ఇదే సిరా చర్మాన్ని తినేస్తుంది కూడా. కొన్ని ఆకుల్లో అక్షరం ఉండాల్సిన చోట అక్షరం ఆకారంలో చిల్లు కనిపిస్తుంది.

బంగారం నిజమైనదేనా? ఆ నీలం ఎక్కడిది?

బంగారం నిజమైనదే. సుద్ద, సీసపు తెలుపు, జిగురు, కొంచెం తేనె లేదా చక్కెర కలిపిన ముద్దను అక్షరం ఆకారంలో ఉబ్బెత్తుగా పరుస్తారు. ఆరాక దాని మీద వెచ్చటి ఊపిరి వదిలితే పైపొర కాస్త జిగురెక్కుతుంది. అప్పుడు బంగారు రేకు అంటించి, నున్నటి రాయితోనో కుక్క కోరతోనో రుద్ది మెరుగు పెడతారు. కొవ్వొత్తి వెలుగు కదిలినప్పుడల్లా ఆ ఉబ్బెత్తు బంగారం మినుకుమంటుంది. ఫోటోలో అది గోధుమరంగు మచ్చలా పడుతుంది. అందుకే వీలైతే అసలు ఆకునే చూడమని అందరికీ చెబుతాను.

ఎరుపుకు ఇంగిలీకం, సిందూరం. సిందూరాన్ని లాటిన్‌లో 'మినియం' అంటారు. పుస్తకాల్లోని బొమ్మలకు 'మినియేచర్' అన్న పేరు దాని నుంచే వచ్చింది, చిన్నదనే అర్థం తర్వాత తోడైంది. ఆకుపచ్చ రంగుకు రాగి చిలుము వాడేవారు.

నీలం సంగతి వేరు. చౌక నీలాలు ఉండేవి గానీ, అన్నిటికన్నా మేలైనది లాపిస్ లాజులి అనే నీలిరాయిని నూరి తీసింది. మధ్యయుగ ఐరోపాకు ఆ రాయి అఫ్గానిస్తాన్‌లోని బదఖ్‌షాన్ గనుల నుంచి వచ్చేది. ధరలో బంగారంతో పోటీ పడేది. 2019లో వెలువడిన ఒక పరిశోధన నన్ను ఎంతగానో కదిలించింది. జర్మనీలోని డాల్‌హైమ్‌లో ఒక చిన్న మఠం శ్మశానంలో దాదాపు వెయ్యేళ్ల కిందటి సన్యాసిని అస్థికలను పరీక్షించారు. ఆమె పళ్ల మీద గట్టిపడిన పాచిలో ఈ నీలిరాయి రేణువులు దొరికాయి. కుంచె మొనను పెదవుల మధ్య పెట్టి సన్నగా చేసుకునే అలవాటు వల్ల అవి అక్కడికి చేరి ఉంటాయని పరిశోధకుల అంచనా. పుస్తకాలు రాసి బొమ్మలు వేసినవారు మగ సన్యాసులేనని అనుకుంటూ వచ్చినవారికి ఆ రేణువులే జవాబు. ఆమె పేరు ఎక్కడా లేదు.

అంత కష్టపడి చేసిన పుస్తకాలు ఎందుకు ముక్కలయ్యాయి?

ఒక్క కారణం కాదు, ఒక్క కాలమూ కాదు.

మొదటి దెబ్బ 16వ శతాబ్దపు ప్రొటెస్టెంట్ మత సంస్కరణ. ఇంగ్లండులో 1536 నుంచి 1540 వరకు ఎనిమిదో హెన్రీ మఠాలను మూసేశాడు. ఆ తర్వాత ఇంగ్లిషు ప్రార్థన పుస్తకం రావడంతో పాత లాటిన్ పూజాగ్రంథాలు పనికిరానివే కాదు, దగ్గర ఉంచుకోకూడనివి కూడా అయ్యాయి. కొత్త మతం పక్షాన గట్టిగా నిలబడిన జాన్ బేల్ సైతం 1549లో వాపోయాడు. ఆ ఆకులతో దీపస్తంభాలు తోముతున్నారనీ, బూట్లు తుడుస్తున్నారనీ, కిరాణా కొట్లకూ సబ్బు అమ్మేవారికీ అమ్మేస్తున్నారనీ రాశాడు.

స్వీడన్ కథ ఇంకో రకం. రాజు గుస్తావ్ వాసా కాలం నుంచి పన్ను వసూలు అధికారులు తమ లెక్కల పుస్తకాలకు అట్టలుగా పాత పూజాగ్రంథాల ఆకులను వాడారు. చర్మం గట్టిది, ఊరికే దొరికేది. విచిత్రం ఏమిటంటే, పన్ను లెక్కలు ప్రభుత్వ భాండాగారంలో భద్రంగా ఉన్నాయి కాబట్టి వాటి అట్టలూ బతికాయి. స్టాక్‌హోమ్ జాతీయ పత్రాగారంలో ఇవాళ అలాంటి ముక్కలు ఇరవై రెండు వేలకు పైగా ఉన్నాయి. స్వీడన్‌లో మధ్యయుగంలో ఏ పాటలు పాడారో, ఏ పునీతుల (సెయింట్ల) పండుగలు జరుపుకున్నారో చాలావరకు ఈ అట్టల వల్లే తెలిసింది. అచ్చుపుస్తకాలు బైండింగ్ చేసేవారు కూడా వెన్నుకు బలంగా చర్మపత్రపు పేలికలు అతికేవారు. ఒక వేలెడు ముక్కలో మూడు స్వరాలు మిగిలి ఉంటాయి, అంతే.

రెండో దెబ్బ ఫ్రెంచి విప్లవం, దాని వెంట నెపోలియన్ యుద్ధాలు. మఠాలు మూతపడ్డాయి, గ్రంథాలు బజారున పడ్డాయి. 1798లో ఫ్రెంచి సేనలు రోమ్‌ను ఆక్రమించినప్పుడు వాటికన్ పూజాగ్రంథాలకూ రక్షణ లేకపోయింది. వెనిస్‌కు చెందిన లుయిజి చెలొట్టి అనే గురువు, కళావస్తువుల వ్యాపారి, అలాంటి గ్రంథాల్లోంచి కోసిన బొమ్మలను లండన్‌కు తెచ్చాడు. 1825లో క్రిస్టీస్ వేలంశాలలో వాటిని వేలం వేశారు. పాఠం లేని, బొమ్మలు మాత్రమే ఉన్న ఆ అమ్మకంతో ఒక కొత్త రుచి పుట్టింది. పుస్తకాన్ని కోస్తే వచ్చేది చిన్న వర్ణచిత్రం, దాన్ని చట్రంలో బిగించి గోడకు తగిలించవచ్చు అన్న ఆలోచన అది. కొన్నిసార్లు వేర్వేరు ఆకుల్లోని అంచులూ బొమ్మలూ కత్తిరించి ఒకే అట్ట మీద అతికి కొత్త 'చిత్రం' తయారుచేశారు.

మూడోది ప్రేమతో జరిగిన నష్టం. విక్టోరియా కాలపు కళావిమర్శకుడు జాన్ రస్కిన్‌కు ఈ గ్రంథాలంటే ప్రాణం. అయినా ఒక సాయంత్రం మిస్సల్‌ను కోశాననీ, కష్టమైన పని అనీ డైరీలో రాసుకున్నాడు. బోప్రే మఠపు సన్యాసినుల కోసం 1290 నాటికి తయారైన పెద్ద యాంటిఫనరీ ఆయన చేతిలో పడి, దాని ఆకులు కొన్ని స్నేహితులకూ పాఠశాలలకూ కానుకలుగా వెళ్లిపోయాయి. నలుగురూ చూసి నేర్చుకోవాలనే ఆయన ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. నష్టం నష్టమే.

బోవే మిస్సల్ గురించి తరచూ వింటాం. దాని కథ ఏమిటి?

ఈ విషయం మొత్తాన్ని ఒక్క పుస్తకంలో చూడాలంటే ఇదే చూడాలి. ఉత్తర ఫ్రాన్స్‌లో 13వ శతాబ్దం చివర తయారైంది. రెండు నిలువు వరుసల్లో పాఠం, ప్రతి ముఖ్యమైన ప్రార్థన దగ్గరా బంగారు అక్షరం, దాని నుంచి తీగ బయలుదేరి అంచు వెంట పాకి చివర్లో చిన్న ఆకులుగా విచ్చుకుంటుంది. రోబేర్ ద హాంజే అనే గురువు దీన్ని బోవే కథెడ్రల్‌కు ఇచ్చాడు. ఆయన 1356లో మరణించాడు. ఏటా తన ఆత్మశాంతికి పూజ జరిపించాలని కోరుతూ ఇచ్చిన కానుక ఇది.

ఆ కోరిక రాసిన పుస్తకం ఎన్నో చేతులు మారింది. 1926లో లండన్ వేలంలో అమెరికా పత్రికాధిపతి విలియం రాండల్ఫ్ హర్స్ట్ దాన్ని కొన్నాడు. అప్పటికి 309 ఆకులతో ఉంది. 1942లో హర్స్ట్ సేకరణ అమ్ముడుపోతున్నప్పుడు న్యూయార్క్ వ్యాపారి ఫిలిప్ డష్నెస్ చేతికి వచ్చింది. కొద్ది నెలల్లోనే ఆకులు విడివిడిగా అమ్మకానికి వచ్చాయి. డష్నెస్ కొన్ని అమ్మాడు, క్లీవ్‌లండ్‌లో కళాబోధకుడు ఆటో ఈగి చాలా తీసుకున్నాడు. ఆరువందల ఏళ్లు ఒకటిగా ఉన్నది ఒక్క ఏడాదిలో చెదిరింది.

అమెరికా పండితురాలు లీసా ఫేగిన్ డేవిస్ ఎన్నో ఏళ్లుగా ఈ ఆకులను ఒక్కొక్కటిగా వెతికి, వాటి డిజిటల్ చిత్రాలను పుస్తకంలో మొదట ఉన్న వరుసలోనే పేర్చుతున్నారు. వందకు పైగా ఆకులు దొరికాయి. విశ్వవిద్యాలయాల్లో, మ్యూజియంలలో, ఇళ్లల్లో, ఒక ఖండం నుంచి ఇంకో ఖండానికి. 2022లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఇంటి సామాన్ల అమ్మకంలో ఒకతను చట్రంలో ఉన్న పాత ఆకును 75 డాలర్లకు కొన్నాడు. చదువుకునే రోజుల్లో ఇలాంటి ఆకును చూసి ఉండటం వల్ల గుర్తుపట్టాడు. అది బోవే మిస్సల్ ఆకు. ఇలాంటి కబురు వచ్చినప్పుడల్లా నాకు సొంతవాళ్లు ఇల్లు చేరినంత సంతోషం.

ఆటో ఈగి చేసింది తప్పేనా? అందరికీ అందుబాటులోకి తెచ్చాడు కదా?

ఆయన వాదన అదే. 1938లో తానే ఒక వ్యాసం రాసి తనను 'గ్రంథభంజకుడు' అని పరిచయం చేసుకున్నాడు. మొత్తం పుస్తకం కొనలేని చిన్న కాలేజీ ఒక్క ఆకైనా కొనగలదు, ఆ విద్యార్థులు జీవితంలో ఒక్కసారైనా అసలు మధ్యయుగ రాతను తాకగలరు అన్నాడు. 1951లో ఆయన చనిపోయాక కూడా యాభై వేర్వేరు గ్రంథాల ఆకులు యాభై ఒక పెట్టెలో పెట్టి అలాంటి పెట్టెలు నలభై తయారుచేసి అమ్మారు. బోవే ఆకు ఆ పెట్టెలో పదిహేనోది.

ఆ పెట్టెల వల్ల ఎందరో యువకులు ఈ చదువులోకి వచ్చారన్నది నిజం. నేను దాన్ని కాదనను. అయినా నా అభిప్రాయం మారదు. మిస్సల్ అంటే ఒక ఏడాది. ఆగమనకాలంతో (క్రిస్మస్‌కు ముందరి వారాలు) మొదలై క్రిస్మస్, తపస్సుకాలం (ఈస్టర్‌కు ముందరి ఉపవాస దినాలు), ఈస్టర్ మీదుగా మళ్లీ ఆగమనకాలం దగ్గరికి తీసుకొస్తుంది. ఒక ఊరి పునీతుడి పండుగ ఏ తేదీన ఉంది, ఏ ప్రార్థన ముందు ఏది వస్తుంది అన్న వరుసే ఆ ఊరి గుర్తు. ఆ వరుసను తెంచి యాభై ఊళ్ల ఆకులను ఒక పెట్టెలో పెడితే చేతిరాతల నమూనాలు మిగులుతాయి, ఏ ఊరి పూజా మిగలదు. పైగా బొమ్మ లేని ఆకులను, బైండింగ్‌ను, యజమానుల పేర్లున్న మొదటి ఆకులను ఎవరూ అంత శ్రద్ధగా దాచలేదు.

రంగు చెదిరిన, గీతలు పడిన ఆకు విలువ తక్కువా?

అమ్మేవాడికి కావచ్చు. చదివేవాడికి అదే ఎక్కువ.

మిస్సల్‌లో పూజ నడిమి ప్రార్థన 'తే ఇగితూర్' అనే మాటలతో మొదలవుతుంది. మొదటి అక్షరం 'టి' శిలువ ఆకారంలోనే ఉంటుంది కాబట్టి చిత్రకారులు దాన్నే శిలువ వేయబడిన క్రీస్తుగా వేసేవారు, లేదా ఎదురు పుట నిండా ఆ దృశ్యం చిత్రించేవారు. పూజలో గురువు ఆ పుటను ముద్దు పెట్టుకోవాలి. ఏళ్ల తరబడి పెదవులు తగిలి క్రీస్తు పాదాల దగ్గరి రంగు కరిగి, ముఖం మసకబారి ఉంటుంది. బొమ్మ పాడవుతోందని గమనించి, ముద్దు కోసమే పుట అడుగున ఒక చిన్న శిలువను విడిగా వేసిన గ్రంథాలున్నాయి. కొందరు గురువులు అయినా పైనున్న బొమ్మనే ముద్దాడారు. ఆ మరక ఎంతమంది, ఎన్ని ఉదయాలు అక్కడ వంగారో చెబుతుంది. దాన్ని 'దెబ్బతిన్న ఆకు' అని రాయడం నాకు మనసొప్పదు.

ఇంగ్లండు ఆకుల్లో ఇంకో గుర్తు ఉంటుంది. 1170లో కాంటర్‌బరీలో హతుడైన థామస్ బెకెట్ పేరును పూజాగ్రంథాలన్నిటి నుంచి తీసేయాలని 1538లో రాజాజ్ఞ వచ్చింది. కొన్ని ఆకుల్లో ఆ పేరు కత్తితో చర్మం పలచబడేదాకా గీకేసి ఉంటుంది. మరికొన్నింటిలో ఒకే ఒక సన్నటి గీత, కింద ఉన్న మాటలు హాయిగా చదవవచ్చు. తనిఖీకి వచ్చినవారికి గీత కనిపించాలి, మళ్లీ మంచి రోజులు వస్తే పాఠం ఉండాలి అనుకున్నాడేమో ఆ గీత గీసిన మనిషి.

నాకు లాటిన్ రాదు. ఆకు ఎక్కడిదో ఎలా తెలుసుకోవాలి?

లాటిన్ రాకపోయినా చాలా దూరం వెళ్లవచ్చు. ముందు ఎరుపు చూడండి. ఎర్రటి పంక్తులు చదవాల్సిన ప్రార్థనలు కావు, ఏం చేయాలో చెప్పే సూచనలు, పండుగల పేర్లు. వాటిలో ఒక్క పేరు పోల్చుకున్నా ఏడాదిలో ఏ రోజుదో తెలుస్తుంది.

తర్వాత పెద్ద అక్షరం వెంట ఉన్న మొదటి మాటలు. 'ఆద్ తే లెవావి' అని ఉంటే అది ఆగమనకాలపు మొదటి ఆదివారం, అంటే పుస్తకానికే మొదలు. నా మనసును నీ వైపు ఎత్తుతున్నాను అనే 25వ కీర్తన. అందుకే ఆ అక్షరం లోపల తన ఆత్మను పసిబిడ్డ రూపంలో దేవుని వైపు ఎత్తి పట్టుకున్న మనిషి బొమ్మ తరచూ ఉంటుంది. 'పూయెర్ నాతుస్ ఎస్త్' అని ఉంటే క్రిస్మస్. తెలుగు క్రైస్తవులు ఏటా వినే 'మనకు శిశువు పుట్టెను' అన్న మాటలే అవి. 'రెసుర్రెక్సి' అంటే ఈస్టర్. ఈ తొలి మాటలను కాంటుస్ అనే ఉచిత సమాచార నిధిలో వెతికితే ఆ పాట ఏ రోజున, ఏ ప్రాంతపు గ్రంథాల్లో ఉందో కనిపిస్తుంది.

స్వరాలుంటే ఇంకా మంచిది. అక్షరాల మీద గీతలు లేకుండా చిన్న చిన్న వంపులుగా స్వరాలుంటే ఆకు పాతది. 11వ శతాబ్దంలో గ్విదో ద ఆరెత్సో అనే ఇటలీ సన్యాసి గీతల పద్ధతిని స్థిరపరిచాక నాలుగు గీతల మీద చదరపు స్వరాలు క్రమంగా వ్యాపించాయి. మరో చిన్న కిటుకు: పాఠం మొదటి పంక్తి, రాత కోసం పుట మీద గీసిన గీతల్లో అన్నిటికన్నా పైనున్న గీతకు పైన ఉందా, కింద ఉందా? ఉత్తర ఐరోపాలో 13వ శతాబ్దం తొలి సగంలో లేఖకులు పైగీత మీద రాయడం మాని దాని కింద మొదలుపెట్టారు. ఒక్క చూపుతో వందేళ్లు అటో ఇటో తేలిపోతుంది.

ఇంతా చేసి చివరగా కొలతలు తీసుకోండి: ఆకు ఎత్తు, వెడల్పు, పాఠం పరిమాణం, పుటకు ఎన్ని పంక్తులు. చెదిరిన ఆకులను కలిపేది ఎక్కువగా ఈ అంకెలే.

నా దగ్గరున్నది నిజంగా మధ్యయుగానిదేనా?

ఆకు పెద్దదై, స్వరాలు లావుగా, చర్మం మందంగా ఉంటే స్పెయిన్ గాయకబృందం పుస్తకంలోదై ఉండవచ్చు. అక్కడ 17, 18 శతాబ్దాల్లోనూ చర్మం మీద చేత్తో రాస్తూనే ఉన్నారు. అది నకిలీ కాదు, కాలం మాత్రమే వేరు. అయినా చాలామంది అమ్మకందారులు అలవాటుగా '15వ శతాబ్దం' అనేస్తారు.

నకిలీల్లో పేరుమోసినవాడు 'స్పానిష్ ఫోర్జర్'. అసలు పేరు ఇప్పటికీ ఎవరికీ తెలియదు. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట బహుశా పారిస్‌లో పనిచేశాడు. అతను వేసిన ఒక చిత్రాన్ని ఒకప్పుడు స్పెయిన్ చిత్రకారుడిదని అనుకున్నారు. న్యూయార్క్ మోర్గన్ గ్రంథాలయానికి అధిపతి అయిన బెల్ ద కోస్టా గ్రీన్ 1930లో అతని పనిని గుర్తించి ఆ పేరు పెట్టారు. పాత పాటల పుస్తకం ఆకు తీసుకుని, ఒక భాగం గీకేసి, అక్కడ కోటలు, రాకుమార్తెలు, వేటదృశ్యాలు వేసేవాడు. ముఖాలన్నీ తియ్యగా, తల కాస్త పక్కకు వంచి ఉంటాయి. పాట వినయంగా దేవుణ్ణి వేడుకుంటుంటే పక్కన పడవలో షికారు సాగుతుంటుంది. అతను వాడిన పచ్చరంగుల్లో ఆర్సెనిక్ కలిసిన రాగి సమ్మేళనం ఉంది. అది 19వ శతాబ్దంలో గానీ పుట్టలేదు.

ఇలాంటి ఆకు కొనవచ్చా?

నన్ను అడిగితే రెండు సంగతులు చూడమంటాను. ఆ ఆకు ఎప్పుడు విడిపోయింది? నూరేళ్ల కిందటే విడిపోయిన ఆకును కొని జాగ్రత్త చేసి దాని చిత్రాలు బయటపెడితే మేలే. కానీ ఒకే పుస్తకం ఆకులు వారానికొకటి చొప్పున అమ్మకానికి వస్తున్నాయంటే ఎక్కడో ఒక పుస్తకాన్ని ఇప్పుడే కోస్తున్నారని అర్థం. దాన్ని కొనకండి.

రెండోది, అది ఎవరిది? జెయ్‌తున్ సువార్తల గ్రంథం సంగతి తెలిస్తే ఈ ప్రశ్న తేలిగ్గా తీసుకోలేం. 1256లో తోరోస్ రోస్లిన్ అనే ఆర్మేనియా చిత్రకారుడు దాన్ని అలంకరించాడు. జెయ్‌తున్ ఊరివాళ్లకు అది దేవుని రక్ష. 1915లో ఆర్మేనియన్ల ఊచకోత కాలంలో ఆ గ్రంథం చేతులు మారి, మొదటి ఎనిమిది ఆకులు దాని నుంచి వేరయ్యాయి. మూలగ్రంథం ఇప్పుడు ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో మాతెనదరాన్ అనే రాతప్రతుల భాండాగారంలో ఉంది. ఆ ఎనిమిది ఆకులను 1994లో లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ మ్యూజియం కొంది. 2010లో ఆర్మేనియా శ్రీసభ (ఆర్మేనియన్ల చర్చి) కోర్టుకెక్కింది. 2015లో రాజీ కుదిరింది: ఆకులు శ్రీసభవేనని మ్యూజియం ఒప్పుకుంది, శ్రీసభ వాటిని మ్యూజియానికి కానుకగా ఇచ్చింది. గ్రంథం ఒక దేశంలో, ముందు ఆకులు మరో దేశంలో ఉండిపోయాయి. కానీ 'ఎవరివి' అన్నదానికి జవాబు కాగితం మీదికి ఎక్కింది, నా దృష్టిలో అది చిన్న విషయం కాదు.

మన దేశంలో ఇలాంటివి ఉన్నాయా?

తెలుగు నేల మీద క్రైస్తవం వేళ్లూనుకునేసరికి అచ్చుపుస్తకాల కాలం వచ్చేసింది. కాబట్టి ఇక్కడి చర్చిల్లో మధ్యయుగపు ఆకులు వెతకడం వృథా. కేరళ తోమా క్రైస్తవులది వేరే చరిత్ర, వారి పూజాభాష సిరియాక్. 1599లో ఉదయంపేరూర్‌లో పోర్చుగీసు ఆర్చిబిషప్ జరిపిన సభ వారి సిరియాక్ గ్రంథాలను దిద్దాలనీ కాల్చాలనీ తీర్మానించడంతో ఎన్నో నశించాయి. వారి దగ్గరున్న ఒక సచిత్ర సిరియాక్ బైబిలును 1806లో మార్ డయోనిసియస్ అనే బిషప్ స్కాట్లాండు పాదిరి క్లాడియస్ బ్యుకానన్‌కు ఇచ్చారు. 12వ శతాబ్దపు ఆ గ్రంథం ఇప్పుడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది.

ఇంట్లో ఒక ఆకు ఉంటే ఎలా చూసుకోవాలి?

ఎండ తగలనీయకండి. లామినేషన్ చేయించకండి, సెలోటేపు అంటించకండి, తడిగుడ్డతో తుడవకండి. అద్దం ఆకుకు తగలకుండా మధ్యలో అట్ట ఉండాలి. చర్మం తేమకు ఉబ్బి, పొడికి ముడుచుకుంటుంది, ఆ కదలికకు బంగారం పెచ్చులూడుతుంది. సముద్రతీరపు పట్టణాల్లో ఉండేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆమ్లం లేని కాగితపు మడతలో పడుకోబెట్టి ఉంచడం అన్నిటికన్నా క్షేమం. పట్టుకోవడానికి చేతితొడుగులు అక్కర్లేదు, కడిగి ఆరిన చేతులు చాలు.

ఇక్కడి నుంచే చూడాలంటే ఎక్కడ చూడాలి?

స్విట్జర్లాండులోని ఫ్రీబూర్ విశ్వవిద్యాలయం కేంద్రంగా 2017లో మొదలైన ఫ్రాగ్మెంటేరియం అనే వెబ్‌సైట్ ఇలాంటి విడి ఆకుల కోసమే పుట్టింది. వేర్వేరు దేశాల్లో ఉన్న ఆకులను తెర మీద ఒకే పుస్తకంగా పేర్చి చూపిస్తుంది. బాల్టిమోర్‌లోని వాల్టర్స్ మ్యూజియం, గెట్టీ, ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి 'గాలికా' వెబ్‌సైట్ ఉచితంగా పెద్ద చిత్రాలు ఇస్తాయి. రస్కిన్ కోసిన బోప్రే యాంటిఫనరీ సంపుటాలు వాల్టర్స్‌లోనే ఉన్నాయి.

ఒకటి చూసి మొదలుపెట్టాలంటే కేంబ్రిడ్జిలోని కార్పస్ క్రిస్టీ కాలేజీలో ఉన్న సెయింట్ అగస్టీన్ సువార్తలు చూడండి. 6వ శతాబ్దంలో ఇటలీలో తయారైన ఆ గ్రంథంలో ఒకప్పుడు ఇంకా ఎన్నో చిత్రాలుండేవి. ఇప్పుడు రెండే చిత్రపుటలు మిగిలాయి. ఒకదానిలో సువార్త రాసిన లూకా కూర్చుని ఉంటాడు, రెండోదానిలో క్రీస్తు శ్రమల దృశ్యాలు పన్నెండు చిన్న గడుల్లో ఉంటాయి. 2023లో మూడో చార్లెస్ పట్టాభిషేకంలో ఆ గ్రంథాన్ని ఊరేగింపుగా తీసుకువచ్చారు. ఆ పన్నెండు గడులను ఒక్కొక్కటిగా పెద్దది చేసి చూడండి, తర్వాత పుట తిప్పి వెనుక వైపు కూడా చూడండి.